తెర ఎవరికి అదనం? ఎవరికి ప్రత్యామ్నాయం?

వైద్య విద్యలో డిజిటల్ విప్లవం వస్తోందని సదస్సుల్లోనూ ప్రభుత్వ ప్రకటనల్లోనూ తరచూ వింటున్నాం. శవాన్ని కోయకుండానే శరీర నిర్మాణాన్ని పొరలు పొరలుగా చూపే వర్చువల్ డిసెక్షన్ టేబుళ్ళు, ఊపిరి పీల్చే బొమ్మ రోగులు, కళ్ళకు తగిలించుకుంటే ఆపరేషన్ థియేటర్‌లో నిలబెట్టే వీఆర్ పరికరాలు, ఎక్స్‌రేలు చదివే కృత్రిమ మేధ - ఈ జాబితా ఏటా పెరుగుతోంది. ఇదే కాలంలో కడప జిల్లా పులివెందులలో ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు లేకుండా మిగిలిపోయింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ అక్కడ 50 ఎంబీబీఎస్ సీట్లకు అనుమతి ఇస్తే, తగిన వసతులూ సిబ్బందీ లేవంటూ రాష్ట్ర ప్రభుత్వమే వద్దని లేఖ రాసింది. 2025 సెప్టెంబరులో పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ పదింటిలో పులివెందుల ఒకటి. ఈ రెండు వార్తలనూ విడివిడిగా చదవడం మనకు అలవాటు. వాటిని కలిపి చదవాలన్నదే నా వాదన.

నేను వైద్యుణ్ణి కాను. విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం బోధిస్తున్నాను. డిజిటల్ బోధనకు నేను వ్యతిరేకిని కూడా కాను. తెలుగు మాధ్యమంలో చదివి వైద్య కళాశాలలో చేరిన మొదటి తరం విద్యార్థి, ఇంగ్లీషులో దూసుకుపోయే ఉపన్యాసాన్ని మళ్ళీ ఒకసారి చెప్పమని అడగలేడు. అడిగితే పక్క బెంచీల్లో నవ్వు వినబడుతుంది. రికార్డు చేసిన పాఠాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి వినవచ్చు. తెర ఇంటిపేరు అడగదు, ర్యాంకు ఎంత అని ఆరా తీయదు. బొమ్మ రోగి మీద సూది గుచ్చడం నేర్చుకుంటే, ధర్మాసుపత్రికి వచ్చిన పేద రోగి చేయి ప్రయోగశాల కాకుండా ఉంటుంది. ఇవి నిజమైన లాభాలే.

అయితే ఏ సాంకేతికతనైనా ఒక ప్రశ్నతో కొలవాలి. అది ఎవరికి అదనంగా అందుతోంది, ఎవరికి ప్రత్యామ్నాయంగా అంటగడుతున్నారు? కొందరికి మంచి గురువు, పెద్దాసుపత్రి, వాటితో పాటు తెర. మరికొందరికి గురువుకు బదులు తెర, ఆసుపత్రికి బదులు బొమ్మ. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ పడుతుందో గమనిస్తే, అది మనకు బాగా తెలిసిన పాత గీతే అని అర్థమవుతుంది.

‘ఈ తరం పిల్లలు సెల్‌ఫోన్‌తోనే పుట్టారు, వాళ్ళు తెర మీదే నేర్చుకుంటారు’ అనే మాట ఇప్పుడు సిద్ధాంతంలా చెలామణి అవుతోంది. కడప జిల్లాలో నాకు అలాంటి ఒకే తరం కనిపించదు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి ఉంది, దానికి కాస్త అవతల మగ్గాల చప్పుడు వినిపించే వీధులూ ఉన్నాయి. జమ్మలమడుగు పక్కన మోరగుడిలో చేనేత కుటుంబాలున్నాయి. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ళ గనుల్లో, పాలిష్ యూనిట్లలో దుమ్ము పీల్చే కూలీలున్నారు. ఈ ఇళ్ళలో ఉన్న ఒక్క ఫోను ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. వీడియోలు చూడటం వచ్చినంత మాత్రాన చదువుకు కావలసిన గది, ఏకాంతం, నెట్ సౌకర్యం ఉన్నట్టు కాదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో తరగతులు ఆన్‌లైన్‌కు మారిన రోజుల్లో, 2020 జూన్‌లో, కేరళ మలప్పురం జిల్లాలో ఒక దళిత బాలిక ఆత్మహత్య చేసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయింది, స్మార్ట్‌ఫోన్ లేదు. అక్షరాస్యతకు పేరున్న రాష్ట్రంలోనే అలా జరిగితే మిగిలిన చోట్ల సంగతి చెప్పనక్కర లేదు.

వైద్య విద్యలో ఈ తేడా మరో రూపం తీసుకుంది. ఇవాళ చాలా మంది ఎంబీబీఎస్ విద్యార్థులు కళాశాల పాఠాలకన్నా ప్రైవేటు యాప్‌ల వీడియోలనే నమ్ముకుంటున్నారు. పీజీ ప్రవేశ పరీక్షకు అవే దిక్కు. వాటి చందా వేలల్లో ఉంటుంది. డాక్టర్ల ఇంట పుట్టిన విద్యార్థికి అది చిన్న ఖర్చు. ఉపకార వేతనం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే విద్యార్థికి అది అప్పు. ఆ తర్వాత వచ్చే ర్యాంకుల తేడాకు మనం ‘మెరిట్’ అని పేరు పెడుతున్నాం. వైద్య సీట్ల అఖిల భారత కోటాలో ఓబీసీ రిజర్వేషన్లను సమర్థిస్తూ 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పోటీ పరీక్ష మార్కులే ప్రతిభకు ఏకైక కొలమానం కావని, ఆ మార్కుల వెనక కుటుంబం కూడబెట్టిన సామాజిక, ఆర్థిక, సాంస్కృతిక పెట్టుబడి ఉంటుందని గుర్తించింది. చందా కట్టగలిగిన యాప్ ఆ పెట్టుబడికి కొత్త రూపం.

ఇక భాష సంగతి. హైదరాబాద్ సంస్థానంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని సైతం ఉర్దూలో బోధించింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022 అక్టోబరులో ఎంబీబీఎస్ పాఠ్యపుస్తకాలను హిందీలో విడుదల చేసింది. ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాలు తేవడానికి 1968లోనే మనం తెలుగు అకాడమీని పెట్టుకున్నాం. నేను ఇంగ్లీషు వద్దనడం లేదు. దళిత బహుజన విద్యార్థికి ఇంగ్లీషు అక్కరలేదని చెప్పేవారు తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో మనకు తెలుసు. నేను కోరేది ఇంగ్లీషుకు చేరే వంతెన. శరీర ధర్మాలను తెలుగులో వివరిస్తూ ఇంగ్లీషు పదజాలాన్ని అలవాటు చేసే వీడియోలు మొదటి సంవత్సరం విద్యార్థికి ఆ వంతెన కాగలవు. డిజిటల్ సాధనాలకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు కనబడదు. మార్కెట్ ఆ పని చేయదు, ప్రభుత్వమే చేయాలి.

తర్వాతి ప్రశ్న స్పర్శకు సంబంధించింది. కులం పునాదుల్లో ఒకటి ఎవరిని తాకవచ్చు, ఎవరిని తాకకూడదు అనే నియమం. మన ఊళ్ళలో గాయానికి కట్టు కట్టినవాడు, కురుపు కోసినవాడు మంగలి. కాన్పు చేసిన చేతులు మంత్రసానివి. రక్తాన్నీ మైలనూ తాకే పని కింది కులాలదైంది, ఆ పనిలోని జ్ఞానానికి మాత్రం గౌరవం దక్కలేదు. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో పండిత మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి పరీక్షించడం దేశ చరిత్రలో ఒక ఘట్టమైంది. శవాన్ని మోయడం, పాతిపెట్టడం కుల వృత్తిగా మోసిన వారి పని ఏనాడూ చరిత్రకెక్కలేదు. పై కులం చేయి శవాన్ని తాకినప్పుడే అది శాస్త్రమైంది. ఆ తర్వాత ఆధునిక వైద్యం డిగ్రీగా మారింది. మంగలి, మంత్రసాని కళాశాల గేటు బయటే మిగిలారు.

అయినా ఆధునిక వైద్యం ఒక మంచి పని చేసింది. డాక్టరు కావాలంటే ఎవరినైనా తాకక తప్పదనే షరతు పెట్టింది. లండన్ మిషనరీ సొసైటీ కాలం నుంచి జమ్మలమడుగులో ఉన్న క్యాంప్‌బెల్ ఆసుపత్రి వంటి చోట్ల, బావి దగ్గరికి కూడా రానివ్వని కులాల రోగులను బల్లపై పడుకోబెట్టి పరీక్షించడం సామాజికంగా చిన్న విషయం కాదు. నాడి పట్టుకోవడం, పొట్ట నొక్కి చూడటం, వీపున చేయి వేసి ఊపిరి వినడం వైద్య విద్యలో ప్రజాస్వామిక పాఠాలు. ఆ పాఠాన్ని తెరకు మార్చేటప్పుడు ఏం పోతోందో చూసుకోవాలి. బొమ్మ రోగికి కులం లేదు, వాడ లేదు, చెమట వాసన లేదు. ‘కడుపులో దేవినట్టుంది సామీ’ అని రాయలసీమ యాసలో చెప్పుకునే నోరు లేదు. అయిదేళ్ళు బొమ్మతో మర్యాదగా మాట్లాడటం నేర్చిన డాక్టరు, నాపరాళ్ళ కూలీ దగ్గుతూ ఎదురుగా నిలబడితే బల్లకు అటువైపు నుంచే మందు రాసిస్తే ఆశ్చర్యమేమీ లేదు.

యంత్రాలు నేర్చిన పాఠాల్లోనూ వివక్ష ఉంది. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటరు, నల్లజాతి రోగుల్లో ప్రమాదకరంగా పడిపోయిన ఆక్సిజన్‌ను గుర్తించలేకపోవడం తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన అధ్యయనం తేల్చింది. చర్మవ్యాధుల పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదివే ఎందుకన్న ప్రశ్నతో, లండన్‌లోని సెయింట్ జార్జ్స్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే అదే ఏడాది తన అధ్యాపకులతో కలిసి నల్ల, గోధుమ రంగు చర్మంపై వ్యాధి లక్షణాలను చూపే చేతిపుస్తకం తెచ్చాడు. దిగుమతి చేసుకున్న సాఫ్ట్‌వేర్‌లో జమ్మలమడుగు ఎండలో పనిచేసే కూలీ చర్మం ఉండదు. మగ్గం గుంతలో ఏళ్ళ తరబడి కూర్చున్న నేతగాడి నడుము ఉండదు. తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు మీద పులివెందుల ప్రాంత రైతులు ఏళ్ళుగా చేస్తున్న ఫిర్యాదులు ఉండవు. ఈ శరీరాలను చూపని పాఠం ఎంత మెరిసినా మనకు సగం పాఠమే.

ఇప్పుడు సీట్ల లెక్కకు వద్దాం. 2023లో గత ప్రభుత్వం తెచ్చిన 107వ నంబరు జీవో ప్రకారం కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లలో సగమే సాధారణ ఫీజువి. 35 శాతం సీట్లకు ఏటా 12 లక్షలు, 15 శాతం ఎన్నారై సీట్లకు 20 లక్షలు. 150 సీట్ల కళాశాలలో రాష్ట్రం చేతిలో ఉండేవి సుమారు 128. వాటన్నిటికీ రిజర్వేషన్ వర్తిస్తే ఎస్సీలకు 15 శాతం చొప్పున 19 సీట్లు రావాలి. సగానికే వర్తిస్తే తొమ్మిదో పదో. కళాశాల ప్రభుత్వానిదే, స్థలం ప్రభుత్వానిదే, సగం సీట్లకు సామాజిక న్యాయం మాత్రం లేదు. గత ప్రభుత్వం సీట్లను అమ్మకానికి పెట్టింది. ఇప్పటి ప్రభుత్వం కళాశాలనే భాగస్వామి చేతికి ఇస్తోంది. ఇద్దరి మధ్య తగువు రాజకీయమే తప్ప, దారి ఒక్కటే.

నా భయం ఇక్కడే. లాభం చూసుకునే యాజమాన్యానికి అన్నిటికన్నా ఖరీదైనవి అధ్యాపకుల జీతాలు, ఆసుపత్రి పడకలు. వాటిని తగ్గించుకోవడానికి డిజిటల్ బోధన అందమైన సాకు అవుతుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లో తెర ఆధునికతకు గుర్తుగా ఉంటే, పులివెందుల వంటి చోట్ల ఖాళీ పోస్టులకు ముసుగుగా మారుతుంది.

తెర వచ్చినంత మాత్రాన ప్రాంగణంలోని కులం కూడా పోదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్షపై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. 2019 మేలో ముంబైలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి ఆత్మహత్య చేసుకున్నప్పుడు, సీనియర్లు వాట్సాప్ గ్రూపుల్లో సైతం ఆమెను అవమానించారన్న ఆరోపణలు వచ్చాయి. కొత్త సాధనం పాత అవమానాన్ని అర్ధరాత్రి హాస్టల్ గదిలోకి కూడా మోసుకెళ్ళగలదు.

అందువల్ల నేను కోరేవి కొన్నే. ఆరోగ్య విశ్వవిద్యాలయం ఎంబీబీఎస్ పాఠాలన్నిటినీ రాష్ట్రంలోని మంచి అధ్యాపకులతో రికార్డు చేయించి, తెలుగు వివరణతో ప్రతి విద్యార్థికీ ఉచితంగా ఇవ్వాలి. ఈ-సంజీవని టెలిమెడిసిన్‌ను దేశంలో విస్తృతంగా వాడిన రాష్ట్రాల్లో మనది ఒకటి. ఆ అనుభవంతో ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రినీ జమ్మలమడుగు ప్రభుత్వాసుపత్రినీ కడప వైద్య కళాశాలతో అనుసంధానించి, విద్యార్థులు అక్కడి వార్డుల్లో రోగి పక్కన నిలబడే నేర్చుకునే ఏర్పాటు చేయాలి. జిల్లా రోగుల అనుమతితో, గోప్యత కాపాడుతూ, ఇక్కడి వృత్తి వ్యాధుల చిత్రాలను బోధన కోసం సేకరించాలి. విద్యార్థులు గ్రామ కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమంలో ఎస్సీ కాలనీ, చేనేతవాడ తప్పనిసరిగా ఉండాలి. సిమ్యులేటరు కొనుగోలు ఏ అధ్యాపక పోస్టుకూ బదులుగా లెక్కకు రాకూడదు. పులివెందుల సహా కొత్త కళాశాలలన్నీ ప్రభుత్వమే నడపాలి, వాటి రాష్ట్ర కోటా సీట్లన్నిటికీ రిజర్వేషన్ వర్తించాలి.

విద్యార్థి సంఘాలు ఇంతవరకు సీట్ల గురించి, ఫీజుల గురించి పోరాడాయి. ఇక ముందు తరగతి గదిలోకి ఏ యంత్రం వస్తోంది, అది వచ్చాక ఎవరు బయటికి పోతున్నారు అని కూడా అడగాలి. మోరగుడి నేతగాడి కూతురు డాక్టరు కావడానికి ఆమెకు తెర కావాలి, తెలుగు కావాలి, సీటు కావాలి, ఎదురుగా నిలబడి చెప్పే గురువు కావాలి. వీటిలో ఒకటి ఇచ్చి మిగిలినవి ఇచ్చినట్టే అనుకోమనడం ఏ ప్రభుత్వానికీ తగదు.