విభీషణునిపై మోపిన నింద

కుల్కచర్ల మండలంలోని పాంబండ రామలింగేశ్వరుని సన్నిధిలో రామనామం జపించిన నోటితోనే, ఇల్లు చేరగానే ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అంటాము. శ్రీరాముడు అభయమిచ్చినవానిని మన నానుడి కులద్రోహిగా నిలబెట్టింది. లంకకు చేటు తెచ్చినది పరదారాపహరణం. ఆ పాతకాన్ని విస్మరించి, దానిని వారించినవానిని నిందించడం ఏ ధర్మం?

విభీషణుడు చాటుగా ఏమీ చేయలేదు. సీతను అప్పగించమని నిండుసభలో అన్నకు హితవు చెప్పాడు. పరుషవాక్యాలతో అవమానితుడైన పిమ్మటనే నలుగురు అనుచరులతో లంకను వీడాడు.

ఇక్కడ కొందరు విద్యావంతులు చీనా దేశపు కన్ఫ్యూషియస్‌ను సాక్షిగా తెస్తారు. గొర్రెను అపహరించిన తండ్రిపై కుమారుడే సాక్ష్యమిచ్చాడని ఒక ప్రభువు గర్వించగా, తండ్రీకొడుకులు పరస్పరం దోషాన్ని కప్పుకోవడంలోనే ఋజుత్వం ఉన్నదని ఆయన బదులిచ్చాడు. నిజమే. కానీ అది ఒక గొర్రెకు, ఒక గృహానికి సంబంధించిన మాట. తల్లిదండ్రులు తప్పు చేస్తే వినయంతో వారించాలని బోధించినదీ ఆయనే.

దోషి తండ్రియై, పాలకుడు కుమారుడైతే ఏమిటి గతి? ఈ ప్రశ్నకు ఆ సంప్రదాయంలోనే మెన్షియస్ సమాధానమిచ్చాడు. షున్ చక్రవర్తి తండ్రి హత్య చేస్తే, న్యాయాధికారి అతనిని బంధించడాన్ని షున్ అడ్డుకోరాదు. తండ్రిని విడువలేకపోతే, సామ్రాజ్యాన్ని అరిగిన పాదరక్షవలె విసర్జించి, ఆయనను వీపున మోసుకొని సముద్రతీరానికి పోవాలి. తండ్రి కావలెనంటే రాజ్యాన్ని వదులుకోవాలి.

షున్ తండ్రి అంధుడని ప్రతీతి. మన ధృతరాష్ట్రుడూ అంధుడే. కానీ అతడు పుత్రుని విడువలేదు, సింహాసనాన్నీ విడువలేదు. దుర్యోధనుని త్యజించమని విదురుడు ఎన్నిమార్లు చెప్పినా వినలేదు. కురుక్షేత్రానికి బీజం ఆ ద్వంద్వలోభమే.

నేటి శాసనం గృహస్థుని పట్ల మరింత కఠినం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోనూ, 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోనూ నేరస్థునికి ఆశ్రయమిచ్చినవారికి విధించే శిక్ష నుండి మినహాయింపు దంపతులకే ఉన్నది. తండ్రికి, సోదరునికి లేదు. కన్నతల్లి మౌనాన్ని నేను నిందించను. ఆమె చేతిలో అధికారముద్ర లేదు.

మన పల్లెల సంగతి చూడండి. చెరువు శిఖాన్ని తమ్ముడు ఆక్రమిస్తే, అన్న అయిన సర్పంచ్ చూడనట్లు ఊరుకోవడాన్ని ‘రక్తసంబంధం’ అని సమర్థిస్తాము. ఆ చెరువు నీటిపై పదిమంది పొలాలు ఆధారపడి ఉన్నాయి. తమ్ముడే కావలెనంటే, ఆ అన్న మొదట పదవికి రాజీనామా చేసి, సామాన్యునిగా తమ్ముని పక్కన నిలబడవచ్చు. అప్పుడు అతని భ్రాతృప్రేమను మేమూ గౌరవిస్తాము. పదవిలో కూర్చొని తమ్ముని కాచేవాడు కన్ఫ్యూషియస్ పేరు ఎత్తరాదు. విభీషణుని నిందించే అర్హత అతనికి అసలే లేదు.