బీరుకు ఓక్ పీపా అవసరమా?

సారా కాస్తారు, కల్లు గీస్తారు. మరి బీరును ఏం చేస్తారు? ఆ పనికి మన భాషలో తనదైన క్రియాపదం స్థిరపడలేదు. కాయడమంటే మనకు బట్టీ పెట్టి ఆవిరి పట్టడమే. బీరుకు ఆ పని లేదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల రసాన్ని హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియనిస్తారు, అంతే. కనుక 'పులియబెట్టడం' అన్న మాటతోనే సరిపెట్టుకుంటున్నాను. మెరుగైన మాట తోచినవారు చెబితే సంతోషిస్తాను.

మా నల్లమాడలో ఇంట బీరు పులియబెట్టే ప్రసక్తి లేదు. 1968 నాటి ఆబ్కారీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం. అమెరికాలో 1978లో కార్టరు సంతకం చేసిన చట్టం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వెసులుబాటు ఇచ్చింది, అమ్ముకోనంతవరకు. మొండికేసిన మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు కూడా 2013లో దారికొచ్చాయి. కాబట్టి నా మాటలు ముఖ్యంగా సముద్రాలు దాటి స్థిరపడిన మన మిత్రులకు.

పులియబెట్టడం చేతికి అలవడిన తర్వాత పుట్టే కోరిక ఒకటుంది. ఐదు లీటర్లు పట్టే చిన్న ఓక్ పీపా కొని, అందులో బీరును నిలవబెట్టడం. నల్లని ఇనుప పట్టీలతో, చెక్క కొళాయితో అది గదికి అందమే, కాదనను. బీరు కోసమైతే మాత్రం కొనవద్దంటాను.

కారణం లెక్కల్లో ఉంది. బోర్బన్ విస్కీ పీపా సుమారు 200 లీటర్లు పడుతుంది. ఐదు లీటర్ల పీపా పరిమాణంలో దానికి నలభయ్యో వంతు. కానీ ఒక్కో లీటరుకు తగిలే చెక్క మాత్రం దాదాపు 3.4 రెట్లు ఎక్కువ. పెద్ద పీపాలో నెలల తరబడి నెమ్మదిగా ఎక్కే వనిల్లా వాసన, కొబ్బరి వాసన, వగరు ఇందులో కొద్ది వారాల్లోనే ముంచెత్తుతాయి. అప్పటికి బీరు పండి ఉండదు, చెక్క కషాయమై ఉంటుంది. పైగా చెక్క సందుల గుండా చొరబడే గాలి కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. అరవై శాతం ఆల్కహాలున్న విస్కీ ఆ గాలిని తట్టుకుంటుంది. ఐదారు శాతం బీరు వెనిగరు దారి పడుతుంది.

చెక్క పీపా అనాదిగా బీరుకు రుచినిచ్చిందన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. చెక్ దేశపు పిల్జెన్ నగరంలో పీపాల లోపల కీలు వంటి పదార్థాన్ని కరిగించి పూసేవారు, బీరుకు చెక్క తగలకూడదని! బోర్బన్ పీపాలో బీరు నానబెట్టే మోజు 1990ల్లో షికాగో వైపు మొదలై ప్రపంచమంతా పాకింది. (మన 'పీపా' మాట పోర్చుగీసు 'పిపా' నుంచి వచ్చిందే. మాట మనకు చిరకాల నేస్తం, వస్తువు మాత్రం చుట్టమే.)

ఈ విషయంలో మన ఊళ్ళ అనుభవాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. ఈతచెట్టుకు పాత కుండనే మళ్ళీ కడితే, దాని గోడలకు అంటిన ఈస్టు వల్ల రసం చెట్టు మీదుండగానే పులవడం మొదలెడుతుంది. తియ్యని నీరా కావాలంటే కుండలోపల సున్నం పూయాలి. పాత్రకు జ్ఞాపకముంటుందని గీత పనివారికి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేకపోయింది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులుపెక్కుతుంది, కనుక ఆనాడే తాగుతారు. ఏడాది నిలవుండవలసిన ఆవకాయకేమో తన రుచి ఏమాత్రం కలపని పింగాణీ జాడీ. మా సీమ ఎండల్లో ఏది నిలవుంటుందో, ఏది ఉండదో తెలిసిన వివేకమది. మాకు పొరుగునున్న బెంగళూరుకు చెందిన అమృత్ సంస్థ 2004లో సింగిల్ మాల్ట్ విస్కీ విడుదల చేసింది. అక్కడి వేడికి పీపాలోంచి ఏటా పది శాతానికి పైగా ఆవిరైపోతుందంటారు. స్కాట్లండులో అది రెండు శాతమే. అది పెద్ద పీపాల లెక్క. చిన్న పీపాను టెక్సాస్ గరాజులో పెట్టేవారు ఊహించుకోవచ్చు.

ఓక్ వాసన మీదే మనసుంటే ఓక్ ముక్కలు దొరుకుతాయి. వేడినీట ఉడికించి గాజు జాడీలోని బీరులో వేసి, రుచి చూస్తూ, చాలనిపించగానే బీరును వేరే పాత్రలోకి వంచుకోవచ్చు. పీపా నుంచి చెక్కను తీసెయ్యలేం కదా!

ఇదివరకే కొన్నవారి సంగతి? ముందు వేడినీళ్ళు నింపి బద్దలు ఉబ్బి కారడం ఆగేదాకా ఉంచండి. మొదటిసారి గాఢమైన నల్ల స్టౌటు పోసి, మూడో రోజు నుంచే రుచి చూడండి. రెండోసారి, మూడోసారి చెక్క మెత్తబడుతుంది, అప్పుడు ఎక్కువ కాలం ఉంచవచ్చు. ఖాళీగా మాత్రం ఎండనివ్వవద్దు. ఒకసారి పులుపు పట్టిందంటే ఎంత కడిగినా పోదు. అప్పుడది పుల్లని బీర్లకే పనికొస్తుంది, అవంటే ఇష్టమైనవారికి అది నష్టమేమీ కాదు.