మా కుండ మీదనే కేసెందుకు?

జర్మనీలో చదువుకుంటున్న మా తండా పిల్లగాడు ఒకడు దోస్తుతో కలిసి అక్కడి పాత బీరు కార్ఖానాలు తిరిగి వచ్చాడు. మా వాట్సాప్ గ్రూపు నిండా ఫోటోలే. రాగి కాగులు, రాతి నేలమాళిగలు, మఠాల గోడలు. వైహెన్‌స్టెఫాన్ అనే చోట 1040 నుంచి కాస్తున్నామని గర్వంగా రాసుకున్నారట. బాంబెర్గ్‌లో పొగ వాసన వచ్చే బీరు కోసం దేశదేశాల నుంచి వస్తారట. మావాళ్లందరూ వరసబెట్టి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లలో తల్లి మీద సారా కేసు ఉన్నవాడు కూడా ఒకడున్నాడు.

ఈ ముచ్చట ఎత్తగానే కొందరు టీచర్లు నొసలు చిట్లిస్తారని మాకు తెలుసు. తాగుడు తండాలను ఎట్ల తిన్నదో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నల్ల బెల్లం, పటిక కలిపి కాచిన గుడుంబ దేవరకొండ తండాల్లో పడుచు మొగోళ్లను మంచాన పడేసింది, ఆడవాళ్ల ఒంటి మీది వెండిని అమ్మించింది. సేవాలాల్ మహరాజ్ మత్తు వద్దన్నాడని మా పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఆ మాటను మేము కాదనం. తాగే హక్కు కోసం మేము కొట్లాడడం లేదు. కుండ మీద మాట ఎవరిది అన్నదే మా ప్రశ్న.

1516లో బవేరియా ప్రభువు నాలుగో విల్‌హెల్మ్ ఇంగోల్‌స్టాట్‌లో ఒక శాసనం చేశాడు. బీరులో బార్లీ, హాప్స్ పూలు, నీళ్లు తప్ప ఇంకేదీ వేయొద్దన్నాడు. చలికాలం ఇంత, ఎండాకాలం ఇంత అని ధర కూడా కట్టాడు. వాళ్లేమీ ధర్మప్రభువులు కారు, గోధుమ బీరు కాచే హక్కును చాలాకాలం తమ వంశం చేతిలోనే పెట్టుకుని సొమ్ము చేసుకున్నారు. అయినా ఆ శాసనం కుండలో ఏముందని అడిగింది. ఇక్కడ నిజాం కాలపు ఆబ్కారీ అయినా, 1968 నాటి ఎక్సైజ్ చట్టమైనా మా ముందుకొచ్చి అడిగిన మొదటి మాట ఒకటే: లైసెన్సుందా, పన్ను కట్టినవా?

ఆ ఫోటోల్లో మమ్మల్ని ఆపింది పెద్ద కార్ఖానా కాదు, ఒక మామూలు ఇల్లు. చెక్ దేశపు సరిహద్దు పక్కన ఓబర్‌ఫాల్స్ అనే సీమ ఉంది. అక్కడ విండిషెషెన్‌బాఖ్ లాంటి చిన్న ఊళ్లలో ఊరందరికీ కలిపి ఒక కాపుడు శాల ఉంటుంది. కాచే హక్కు కొన్ని ఇళ్లకు తరతరాలుగా వస్తున్నది. కట్టెల మంట మీద అందరి శాలలో కాచుకుంటారు, ఇంటికి తెచ్చి నేలమాళిగలో పులియబెడతారు. వంతు వచ్చినప్పుడు ఇంటి ముందు ఆరు మూలల చుక్క గుర్తు వేలాడదీస్తారు. ఇక్కడ బీరు ఉంది, రండి అని దాని అర్థం. దీని పేరు జోయ్‌గల్. జర్మనీ దీన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కించుకుంది. అక్కడ చుక్క చూసి చుట్టాలొస్తారు. మా దగ్గర పొగ చూసి జీపు వస్తది.

బీరు వేరు, బట్టీ సారా వేరు కదా అంటారు. వేరే. కానీ అదే జర్మనీలో, నల్ల అడవి అనే సీమలో, చిన్న రైతులు తమ పండ్లతో ఏడాదికి 300 లీటర్ల శుద్ధ ఆల్కహాల్ దాకా బట్టీ పెట్టుకోవచ్చు. లెక్క చెప్తారు, పన్ను కడతారు, తలెత్తుకుని బతుకుతారు. లెక్క అడిగితే మేము కూడా చెప్తాం. మమ్మల్ని ఎవరూ లెక్క అడగలేదు, పారిపొమ్మన్నారు.

అమ్రాబాద్ అడవిలో చెంచులకు ఇప్పచెట్టు తల్లి. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే రాలిన పువ్వు ఏరుకుంటారు. కొంత తిండికి, కొంత అమ్మకానికి, కొంత దేవర ముందు పోసే సారాకు. తండాల్లో కూడా మేరామ యాడికి దారు పోయకుండా పండుగ లేదు. ఆ కుండకు ఊరి కట్టుబాటు ఉండేది, నాయక్ మాట ఉండేది. సర్కారు వచ్చి ఆ కట్టుబాటును తీసేసి తన దుకాణం పెట్టింది. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్యాకెట్ సారాను ఊరూరికీ చేర్చింది కూడా సర్కారే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేస్తే 1993లో సారా బందైంది. 1995లో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో పోయింది. సారా బందైన చోట గుడుంబ పుట్టింది, సీసా తిరిగొచ్చింది. 2015 నుంచి గుడుంబ మీద గట్టిగా పడ్డారు, బట్టీలు పగిలాయి. మంచిదే. కానీ పగిలిన బట్టీ జాగాలో బెల్టు షాపు లేచింది. ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం దశాబ్దాలు ఎదురుచూసిన నల్లగొండలో సీసాకు మాత్రం ఏ ఆలస్యమూ కాలేదు.

2021లో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాల్లో 131 ఎస్టీలకు రిజర్వు చేశారు. ఇది సామాజిక న్యాయమట! తల్లి కాస్తే నేరం, కొడుకు టెండరు వేసి కంపెనీ సీసా అమ్మితే అభివృద్ధి. ఆ టెండరుకు లక్షలు పెట్టగలిగే కొడుకు ఏ తండాలో ఉన్నాడో, అతని వెనుక పైసలు ఎవరివో మీ ఊళ్లో మీరే చూసుకోండి.

చట్టంలో మనకు ఏమీ లేదనుకోవద్దు. ఆదివాసీ ప్రాంతాల్లో వ్యాపార మద్యం ఎత్తేయాలని, ఇంటి అవసరానికి సంప్రదాయ పానీయం కాచుకోనివ్వాలని కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది. కానీ పెసా షెడ్యూల్డ్ ప్రాంతానికే. అమ్రాబాద్ వైపు కొన్ని చెంచు ఊళ్లు అందులో ఉన్నాయి, దేవరకొండ తండాలు లేవు. 2018 చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి, సర్పంచ్ కుర్చీ వచ్చింది. బెల్టు షాపు వద్దనే బలం ఆ కుర్చీతో రాలేదు.

గోవా తన ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. మధ్యప్రదేశ్ 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యం అన్నది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు, గౌడన్నల చెట్టుకు ఆ గౌరవం దక్కినందుకు మాకు సంతోషమే. రేపు ఇప్పపువ్వు వంతు వస్తే? సీసా మీద చెంచు బొమ్మ, లోపల కంపెనీ లాభం, పువ్వు ఏరినామెకు కిలోకింత అని కూలి. ఆ వారసత్వం మాకు వద్దు. ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి తామే అమ్ముకుంటున్నారు, పువ్వు తమదే, ధర తమదే. మాకు ఆ దారి ఉంది.

అందుకే టీచర్లను ఒకటి అడుగుతున్నాం. తాగుడు చెడ్డదని పిల్లలకు చెప్పండి, తప్పకుండా చెప్పండి. దాంతోపాటు బెల్టు షాపు సీసా ఏ దుకాణం నుంచి వస్తుందో, ఎవరు పంపుతున్నారో పిల్లలతో రాయించండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సారా కేసుల్లో ఇరుక్కున్న మన తల్లుల పేర్లు, వాయిదాలకు తిరిగిన రోజులు, పోయిన కూలి తండా తండాకూ రాసి పెట్టండి. వచ్చే గ్రామసభలో ఆ కాగితం చదవాలి, పోయిన కూలి మొత్తం ఎంతైందో గట్టిగా చెప్పాలి, బెల్టు షాపు మీద చేతులెత్తించాలి. చేతులు లెక్కపెట్టేటప్పుడు ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి.