ఊరికొచ్చిన కోర్టు

మిరప కోతల రోజుల్లో కూలోడు సాక్ష్యం చెప్పటానికి పట్నం కోర్టుకు పోతే ఆనాటి కూలి పోయినట్టే. సాయంత్రం దాకా వరండాలో కూచోబెట్టి వాయిదా అంటారు. పది వాయిదాలు తిప్పితే చాలు, సాక్షిని కొననక్కర్లేదు, బెదిరించనక్కర్లేదు. వాడే అలిసిపోయి ఇక రానంటాడు.

ఈ సంగతి ఎరిగిన లాయరు బొజ్జా తారకం గారు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవిని వదిలేసి బాధితుల పక్కన నిలబడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అప్పుడు మనవాళ్ళు పట్టుబట్టింది ఒక్కటే: కోర్టే మా ఊరికి రావాలి. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో ప్రత్యేక కోర్టులున్నాయి కదా, చచ్చినోళ్ళ ఊళ్ళో ఎందుకు పెట్టరు? పెట్టక తప్పింది కాదు. విచారణ మొదలవటానికే పదమూడేళ్ళు పట్టిందనుకోండి. అయినా ఆడామగా అందరూ వచ్చి, చంపినోళ్ళ ఎదటే నిలబడి చూసింది చూసినట్టు చెప్పారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఎవరు ఎన్ని గంటలకు చచ్చిపోయిందీ, కొట్టినోళ్ళు ఎవరన్నదీ రుజువు కాలేదంట! ప్రాణభయంతో పొలాలకడ్డంబడి పరిగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? ఊరికొచ్చిన కోర్టు నమ్మిన నోటిమాటను హైదరాబాదు కోర్టు కాయితాల్లో చదివి కాదంది. సుప్రీంకోర్టుకు అప్పీలు పోయింది. తారకం గారు 2016లో పోయారు.

ఆయన ఆశ మాత్రం కొంత చట్టంలోకి ఎక్కింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం, చార్జిషీటు వేసిన రెండు నెలల్లో, వీలైనంతవరకు, విచారణ ముగించాలి. అప్పీలు మూడు నెలల్లో తేల్చాలి. ఇవి ఎక్కడ జరుగుతున్నాయని అడిగితే మేమూ నవ్వుతాం. కానీ చేతికందేది ఒకటుంది. 1995 నిబంధనల్లో పదకొండోది చదవండి. బాధితుడికీ సాక్షికీ రానుపోను చార్జీలతో పాటు, రోజుకు కనీస వేతనానికి తగ్గకుండా డబ్బివ్వాలి. ఇది దానం కాదు, కూలి. కార్యకర్తలారా, ప్రతి వాయిదాకీ అర్జీ రాసి కలెక్టరాఫీసులో ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ఇవ్వకపోతే ఆ నకళ్ళు తెచ్చి మాకు చూపండి. వచ్చే సంచికలో అచ్చేస్తాం.