పక్షవాతం తర్వాత తొలి రోజులు ఏం చెబుతాయి?

ఇంటి ఇల్లాలికి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రి వరండాలో అందరి నోటా వినిపించే ప్రశ్న ఒకటే: "అమ్మీ మళ్ళీ లేచి నడుస్తుందా?" కొందరు దీనికి "అది అల్లాహ్‌కే తెలుసు, అడగడమెందుకు?" అని బదులిస్తారు. అగోచర జ్ఞానం అల్లాహ్‌దే. అందులో సందేహం లేదు. అయితే వైద్యుడు వేసే అంచనా జోస్యం కాదు. మబ్బు పట్టిన తీరు చూసి రైతు విత్తనాలు సిద్ధం చేసుకోవడం వంటిదది. కనిపించే సూచనలను బట్టి మన బాధ్యతను నిర్ణయించుకోవడమే దాని ప్రయోజనం.

సూచనల్లో మొదటిది జబ్బు తీవ్రత. స్పృహ, చూపు, మాట, చేతులు, కాళ్ళ బలం మొదలైన వాటిని పరీక్షించి వైద్యులు 0 నుండి 42 వరకు ఒక అంకె వేస్తారు. అంకె ఎంత తక్కువగా ఉంటే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. రోగి వయసు, జబ్బుకు ముందు తన పనులు తాను చేసుకోగలిగిందా అన్నది కూడా లెక్కలోకి వస్తాయి.

రెండవది శరీరమే ఇచ్చే సాక్ష్యం. నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మొదటి 72 గంటల్లో వేళ్ళను కొంచెమైనా చాచి, భుజాన్ని పక్కకు ఎత్తగలిగిన రోగులకు ఆరు నెలలకు చేతి పనితనం కొంతైనా తిరిగి వచ్చే అవకాశం 98 శాతం. ఆ రెండూ చేయలేనివారికి అది 25 శాతం. అలాగే ఆసరా లేకుండా 30 సెకన్లు కూర్చోగలిగి, కాలిలో కొంత బలం ఉన్నవారిలో అత్యధికులు తిరిగి స్వయంగా నడవగలిగారు.

ఇక కాలం సంగతి. కోపెన్‌హాగెన్‌లో సుమారు 1,200 మంది రోగులను పరిశీలించగా, 95 శాతం మంది దైనందిన పనుల్లో తాము చేరుకోగల గరిష్ఠ స్థాయిని పన్నెండున్నర వారాల్లోపే చేరుకున్నారని 1995లో వెల్లడైంది. ఆ తర్వాత మెరుగుదల ఉండదని దీని అర్థం కాదు. తొలి మూడు నెలలు మాత్రం ఎంతో విలువైనవి.

స్త్రీల విషయంలో మరొక మాట చెప్పుకోవాలి. పక్షవాతం తర్వాత పురుషుల కన్నా స్త్రీలలో అశక్తత ఎక్కువగా కనిపిస్తుంది. కారణం స్త్రీత్వం కాదు. సగటున వారికి ఈ జబ్బు పెద్ద వయసులో, తీవ్రంగా వస్తుంది. గుండె లయ తప్పడం వల్ల ఏర్పడే రక్తపు గడ్డలు కూడా వారిలో ఎక్కువ. చాలామంది అప్పటికే వితంతువులై ఒంటరిగా ఉంటారు. వయసు, తీవ్రత, పూర్వపు ఆరోగ్యం సమానంగా ఉన్నవారిని పోల్చితే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. జీవితమంతా ఇతరులకు సేవ చేసిన స్త్రీకి, తాను మంచాన పడ్డప్పుడు సేవ చేసేవారు ఉన్నారా అన్నది మన ఇళ్ళు సమాధానం చెప్పవలసిన ప్రశ్న.

అంచనా బాగా లేదని వినగానే వ్యాయామం మానిపించి ఇంటికి తీసుకుపోవడం పెద్ద పొరపాటు. 25 శాతం అంటే నలుగురిలో ఒకరు. ఆ ఒకరు మన తల్లి కావచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మింగగలుగుతున్నదో లేదో వైద్య సిబ్బంది పరీక్షించే వరకు నోట్లో ఏదీ పోయరాదు. ప్రేమతో పోసే జమ్‌జమ్ నీరైనా, తేనె అయినా ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణాపాయం. మొదటి 24 గంటల్లో రోగిని పదేపదే లేపి ఎక్కువసేపు నడిపించే ప్రయత్నం మేలు కన్నా కీడే చేస్తుందని 2015లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఎప్పుడు, ఎంతసేపు లేపాలో ఫిజియోథెరపిస్టు చెబుతారు. ఆ పద్ధతులను కూతురో కోడలో దగ్గరుండి నేర్చుకోవాలి. మహిళా ఫిజియోథెరపిస్టు దొరకలేదని చికిత్స ఆపరాదు. అవసరం మేరకు పురుషుని చేత చికిత్స పొందడానికి ధర్మవేత్తలు అనుమతించారు.

నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని సైగలతో నమాజు చేయవచ్చు. నీటిని వాడలేని స్థితిలో తయమ్ముమ్ ఉన్నది. ఈ సడలింపులు ఉండగా పట్టుదలతో నిలబడబోయి కిందపడటం పుణ్యం కాదు.

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందిని మానసిక కుంగుబాటు ఆవరిస్తుంది. ఊరికే ఏడవడం, మాట్లాడకపోవడం, తిండి వద్దనడం విశ్వాస లోపం కాదు. అది కూడా జబ్బులో భాగమే. కోలుకోవడాన్ని అది ఆలస్యం చేస్తుంది కనుక వైద్యునికి తప్పక తెలియజేయాలి.

అన్నిటికన్నా మంచి అంచనా సమయానికి ఆసుపత్రి చేరినవారిదే. మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడటం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కు ఫోను చేయాలి. గడ్డను కరిగించే మందు సాధారణంగా 4.5 గంటల్లోపు ఇవ్వవలసినది. "కాస్త పడుకుంటే తగ్గుతుంది" అని ఇల్లాలు అన్నా వినరాదు. దుఆ చేయండి, వాహనం ఎక్కించిన తర్వాత దారి పొడవునా చేయండి.