ఎయిర్‌గన్నే కదా!

హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని ఒక విల్లాలో 2023 జులై 15న పేలింది ఎయిర్‌గన్ అని తెలియగానే, అంతవరకు ఉలిక్కిపడినవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ‘ఎయిర్‌గన్నే కదా, దానికి లైసెన్సు కూడా అక్కర్లేదు’ అన్న మాట అప్పటినుంచి ఊరంతా తిరుగుతోంది. ట్రిగ్గర్ నొక్కినవారి సంగతి కోర్టు చూసుకుంటుంది. ఈ మాట సంగతి మనం చూడాలి.

2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల గొట్టం లోవ్యాసం, 20 జౌల్స్ శక్తి మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. గుండు తగిలినా ఏమీ కాదని మాత్రం ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. 20 జౌల్స్ అంటే అర గ్రాము సీసపు గుండు సెకనుకు దాదాపు 280 మీటర్ల వేగంతో దూసుకురావడం. చర్మం చీల్చుకుని లోపలికి దిగడానికి అందులో సగం వేగం చాలు. 2022 మార్చిలో, మేడ్చల్‌కు ఎంతో దూరం లేని జిన్నారం మండలం వావిలాలలో ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్ పేలి నాలుగేళ్ల పాప చనిపోయింది. ‘ఎయిర్‌గన్నే కదా’ అంటున్న పెద్దమనుషులు ఆ తల్లి ఎదుట నిలబడి అదే మాట అనగలరా?

ఇక్కడి ఇళ్లలో కనిపించేవి ఎక్కువగా గొట్టం మడిచి స్ప్రింగు బిగించే రకం. బిగించి గుండు పెట్టాక, ట్రిగ్గర్ నొక్కేదాకా స్ప్రింగు అలాగే కాచుకుని ఉంటుంది. పైకి చూస్తే ఖాళీ తుపాకీకీ దానికీ తేడా తెలియదు. కోతి వస్తే తరమడానికి బిగిస్తారు, అది పారిపోతే తుపాకీని గోడకు ఆనించి వెళ్లిపోతారు. తర్వాత దాన్ని ముట్టుకున్నవాడు ఖాళీదే అనుకుంటాడు. ఘోరం జరిగాక ‘దానంతట అదే పేలింది’ అంటారు. బిగించినవాడు, గుండు తియ్యకుండా వదిలేసినవాడు, పిల్లల చేతికందేచోట పెట్టినవాడు ఆ వాక్యంలో ఎక్కడా కనిపించరు. ఎంత సౌకర్యం!

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే. అలాంటి పోటీల్లో వాడే తుపాకీల శక్తి 20 జౌల్స్‌లో సగం కూడా ఉండదు. అయినా కాల్చడం ఆపగానే గొట్టంలో రంగు తీగ దూర్చి, లోపల గుండు లేదని అందరికీ కనిపించేలా ఉంచాల్సిందే. ఒలింపిక్ పతక విజేతకు తప్పని కట్టుబాటు, ఫామ్‌హౌస్‌లో బీరు సీసాల పక్కన పడేసిన తుపాకీకి ఎందుకు ఉండదు? లైసెన్సు తుపాకీ కోరేవాడు భద్రతా శిక్షణ పొందాలని చెప్పేవి ఆ 2016 నిబంధనలే. ఎయిర్‌గన్ కొన్నవాడికి డబ్బాలోని కరపత్రమే గురువు.



నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే, 2024 జూన్ దాకా అమల్లో ఉన్న ఐపీసీ 304ఏ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉండేది. అదైనా ప్రాణం పోయాకే. పోలీసులు ఒక్క కేసుతో సరిపెట్టుకోకుండా మేడ్చల్, శామీర్‌పేటల్లోని విల్లాలు, ఫామ్‌హౌస్‌లకు వెళ్లి ఏ ఇంట్లో ఏ తుపాకీ ఉందో, అది ఎక్కడ ఉందో నమోదు చేయాలి. అమ్మిన దుకాణం కొన్నవారి వివరాలను స్థానిక ఠాణాకు పంపాలి. బిగించిన తుపాకీని ఇంట్లోకి తేకూడదు. ఎదుట ఎవరూ లేరని చూసుకుని, మెత్తటి మట్టిలోకి కాల్చి ఖాళీ చేశాకే గడప దాటాలి. తుపాకీ ఒక తాళంలో, గుళ్లు మరో తాళంలో ఉండాలి. ఆ తాళంచెవులు యజమాని దగ్గరే ఉండాలి. ఆయన ఆదివారం వచ్చిపోతూ, మిగతా ఆరు రోజులూ తుపాకీని కాపలాదారు గదిలో వదిలేస్తే, జరిగేదానికి మొదటి ముద్దాయి ఆయనే కావాలి.