బల్ల దగ్గరకు తిరిగి వచ్చిన మాస్టారు



మా సంఘములో రిటైరైన ఒక మాస్టారు ఉన్నారు. ఆయనకు పార్కిన్సన్ జబ్బు. ఊళ్లో వణుకుడు జబ్బు అంటారు. ఒక ఆదివారము బల్లారాధనలో గిన్నె అందుకోబోగా చేయి వణికి ద్రాక్షారసము తెల్లచొక్కా మీద ఒలికింది. ఎవరూ నవ్వలేదు. అయినా ఆ మరుసటి వారమునుండి ఆయన గుడికి రావడము మానేశారు. మేము రెండు పర్యాయములు వెళ్లి ప్రార్థన చేసి వచ్చాము. ఆయన గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు.

ఆ రోజుల్లోనే మా యౌవనస్థులు సంఘపు హాలులో ప్లైవుడ్ చెక్కలు జతచేసి టేబుల్ టెన్నిస్ ఆడుతుండేవారు. గుడి ఆవరణలో ఈ ఆటలేమిటని మేము మందలించాము కూడా. ఆ మాట ఎందుకన్నామా అని తరువాత సిగ్గుపడ్డాము. ఎందుకంటే, డాక్టరుగారు వ్యాయామము చేయమన్నారని మాస్టారిని ఆయన మనుమడు చేయి పట్టుకొని తెచ్చింది ఆ బల్ల దగ్గరకే.

ఈ జబ్బులో డోపమైన్ అనే పదార్థమును తయారుచేసే మెదడు కణములు క్షీణిస్తాయి. అందుచేత కదలిక మొదలుపెట్టడమే కష్టమవుతుంది. అయితే ఒక వింత ఉన్నది. అడుగు పడక నిలిచిపోయినవారు, నేలమీద గీత గీస్తే దానిని దాటి నడవగలుగుతారు. బయటనుండి ఒక గురుతు కావాలి, అంతే. ఎదురుగా వచ్చే బంతి, దాని టక్కుమనే చప్పుడు అటువంటి గురుతులే. పైగా ఆ బంతి బరువు 2.7 గ్రాములే, ముఖమునకు తగిలినా భయము లేదు.

క్రొయేషియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నెనాద్ బాఖ్ అనే సంగీతకారునికి ఈ జబ్బు వచ్చి గిటారు వాయించలేకపోయారు. ఈ ఆట మొదలుపెట్టాక మరల వాయించగలిగారు. 2017లో తనవంటి రోగులను ఆటకు చేర్చే సంస్థను స్థాపించారు. 2019లో న్యూయార్క్ రాష్ట్రములో పార్కిన్సన్ రోగులకే ప్రపంచ పోటీలు జరిగాయి. మన దేశములో, పసితనమున పోలియో సోకిన భవీనా పటేల్ చక్రాల కుర్చీలోనుండి ఆడి 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో రజతము గెలిచారు.

ఇది జబ్బును నయము చేస్తుందని మేము చెప్పడము లేదు. మందులు మానరాదు. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే ఆడాలి. నేల తడిగా ఉండకూడదు. వృద్ధులు ఆడుతుంటే పక్కన ఒకరు నిలబడాలి, వెనుక ఒక కుర్చీ ఉండాలి.

బల్ల 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. నెట్టు 6 అంగుళములు. ఊరి వడ్రంగి చేయగలడు. ఫ్యాను మాత్రము ఆపాలి, లేకుంటే బంతి దాని ఇష్టమే! మా చిన్నప్పుడు ఆట 21 పాయింట్లు. 2001నుండి 11కు తగ్గించారు గనుక రోగులకు త్వరగా విశ్రాంతి దొరుకుతుంది.

నడక ఒంటరిగానైనా సాగుతుంది. ఈ ఆటకు అవతల ఒక మనిషి ఉండి తీరాలి. మంగళ, శుక్రవారములలో మాస్టారు రాకపోతే కుర్రవాళ్లే ఇంటికి వెళ్లి పిలుచుకొస్తున్నారు.

ఆయన చేయి ఇంకా వణుకుతూనే ఉన్నది. గత నెల బల్లారాధనకు వచ్చారు. గిన్నె అందించబోతే, “సగమే పోయండి అయ్యగారూ” అన్నారు నెమ్మదిగా. సగమే పోశాము. ఆరాధన అయ్యాక గుమ్మములో ఒక కుర్రవాడు, “మాస్టారూ, మంగళవారము వస్తారుగా?” అని అడుగుతుండగా విన్నాము.